వండే చేతుల సంగతీ రాయండి

బడుల్లో మధ్యాహ్న భోజన పథకంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ భోజనంతో హాజరు పెరిగిందన్న వ్యాసకర్త మాట నిజమే. కానీ వండేవారి గురించి ఒక్క వాక్యమైనా లేకపోవడం బాధ కలిగించింది. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించాకే మన బడుల్లో బియ్యం పంపిణీ పోయి వేడి అన్నం వచ్చింది. ఆ అన్నం వండే మహిళకు కేంద్రం లెక్కగట్టిన గౌరవ వేతనం 2009 నుంచి నెలకు 1,000 రూపాయలే, అదీ ఏడాదిలో పది నెలలకే. రాష్ట్రాలు కొంత కలుపుతున్నాయి, సరే.

మా ఊరి బడిలో వంట చేసే అక్క, సరుకుల బిల్లుల డబ్బు ప్రభుత్వం నుంచి రాక కిరాణా కొట్టులో కందిపప్పు అరువు తెచ్చేది. అరువు పుట్టని వారం పప్పు నీళ్లలా ఉండేది. పిల్లలు గిన్నె అడుగున గరిటె తిప్పి వెతికేవారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 20 గ్రాముల పప్పు పెట్టాలని నిబంధన. డబ్బు నెలల తరబడి ఆగిపోతే ఆ పప్పు ఎక్కడి నుంచి వస్తుంది? తనిఖీకి వచ్చే అధికారులు అన్నం రుచి చూడటంతో సరిపెట్టకుండా ఆమె అప్పుల చిట్టా కూడా అడిగి చూడాలి.