ప్లైవుడ్ కాదండీ, మహాగని

మీ వ్యాసం బాగుంది గానీ, అందులో రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా పీటీ బోట్లను (నీళ్ళలో దూసుకెళ్ళి ఓడల్ని పేల్చే టార్పెడోలు వదిలే చిన్న యుద్ధపడవలను) ప్లైవుడ్‌తో కట్టారన్న దగ్గర ఆగిపోయాను. చాలామంది అలాగే అంటారు. నిజానికి ఎల్కో కంపెనీ కట్టిన 80 అడుగుల పీటీ బోటుకు అడుగునా పక్కలా వేసినవి మహాగని చెక్క పలకలు. రెండు వరసలు, మధ్యలో జిగురు పట్టించిన గుడ్డ. తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే మేస్త్రికి ఫొటో చూపిస్తే, "గుడ్డ వేశారా? తెలివైనోళ్ళే" అన్నాడు.

అమలాపురంలో మేం నలుగురం ఆదివారాలు కూర్చుని 1/72 స్కేలులో, అంటే అసలు దానిలో 72వ వంతు సైజులో, పీటీ-109 మోడల్ కడుతున్నాం. 1943 ఆగస్టు 2న జపాన్ డిస్ట్రాయర్ అమగిరి గుద్ది రెండు ముక్కలు చేసిన బోటు అదే, తర్వాత అమెరికా అధ్యక్షుడైన కెనెడీ నడిపినది. మోడల్ పొడవు అడుగు మీద అంగుళం చిల్లర. ముసురులో స్ప్రే కొడితే ఆకుపచ్చ రంగు బూజు పట్టినట్టు తెల్లబడింది. రెండు వారాల పని గీకేశాం, ఆ బాధ చెప్పక్కర్లేదు.

టార్పెడో ట్యూబుల మూతుల దగ్గర మసి మాత్రం కావాలనే పూశాం. నల్లమందు పేల్చి టార్పెడోను బయటికి తోసేటప్పుడు లోపలి గ్రీజు ఒక్కోసారి అంటుకుని, రాత్రిపూట శత్రువుకు బోటు జాడ చెప్పేసేదట.

బోటు పోయి దీవిలో చిక్కుకున్న కెనెడీ సాయం కోరుతూ కబురు చెక్కింది కొబ్బరికాయ మీదే కదా! అందుకని పక్కన చిన్న దీవి కూడా పెడుతున్నాం. గెలలకు ధనియాలు అతికించి రంగేశాం, స్కేలుకు సరిగ్గా సరిపోయాయి. ఆకులే ఇంకా కుదరలేదు. కోనసీమలో ఉండి కొబ్బరిచెట్టు తప్పుగా పెడితే ఇంట్లోవాళ్ళే ఊరుకోరు.