ఐస్ ట్రే ఒక్కటి సరిగ్గా చేయడం చేతకాదా వీళ్లకి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ఇంట్లో ఇవాళ ఐస్ ట్రే పగిలింది. అదీ ఎండకి కాదు, చలికి.

మధ్యాహ్నం ఏలూరు నుంచి మా బావగారు, అక్కయ్య వచ్చారు. బెజవాడ బస్టాండులో దిగి, ఆ ఎండలో ఆటోలో వచ్చిన మనుషులు. మజ్జిగ ఇస్తానంటే నిమ్మరసం చాలన్నారు. సరే, నిమ్మకాయలు పిండి, పంచదార, చిటికెడు ఉప్పు వేసి, ఫ్రీజర్ లోంచి ట్రే తీసి రెండు చేతులతో ఇలా మెలితిప్పానో లేదో, ఫట్‌మని అడ్డంగా చీలింది. సగం ముక్కలు సింకులో పడ్డాయి. రెండు ఫ్రిజ్ కిందకి దూరాయి. ఒకటి జారుకుంటూ వెళ్లి మా అత్తయ్యగారి కాలి దగ్గర ఆగింది. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, "నిదానంగా తియ్యాలమ్మా" అన్నారు.

నిదానంగానట! ఆ ట్రే అట్ట మీద ఏం రాసి ఉందో తెలుసా? 'ఈజీ రిలీజ్'. 'ఫ్లెక్సిబుల్'. 'ఫ్రీజర్ సేఫ్'. ఈ వేసవికే కొన్నాను. ఫ్రీజర్లో పెట్టడానికే పుట్టిన వస్తువు మీద 'ఫ్రీజర్ సేఫ్' అని రాసుకోవాల్సి వచ్చిందంటేనే నాకు అనుమానం రావాలి.

వీళ్లు వాడేది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. బయట ఉన్నప్పుడు చక్కగా వంగుతుంది, షాపువాడు వంచి చూపిస్తాడు కూడా. మైనస్ డిగ్రీల్లోకి వెళ్లేసరికి పెళుసెక్కిపోతుంది. మంచి రకమైతే కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, చవక రకమైతే మొదటి వేసవిలోనే దండం పెట్టేస్తుంది. ఇది నాకే తెలిసినప్పుడు దాన్ని అచ్చు పోసినవాడికి తెలీదా? అడిగితే ఏమంటారంటే, బయటికి తీసి రెండు నిమిషాలు ఆగాలట, వెనకవైపు కుళాయి నీళ్లు పోయాలట, అప్పుడు తిప్పాలట. మే నెలలో మా ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లతో ఐస్ ఊడదీయడం ఏమిటండీ, కాఫీ కలుపుకోవచ్చు.

"సిలికాన్ కొనుక్కోవాల్సింది" అంటారని తెలుసు. కొన్నాను. చెబుతాను వినండి.

నీళ్లు నింపిన సిలికాన్ ట్రేని ఎత్తుకోవడమంటే మెడ నిలబడని పసిపిల్లాడిని ఎత్తుకోవడమే. కింద ఒక పళ్లెం పెట్టి తీసుకెళ్లాలి. మనది సింగిల్ డోర్ ఫ్రిజ్, దాని ఫ్రీజర్ ఎంతుంటుందని? అందులో బఠాణీల ప్యాకెట్, కొబ్బరి తురుము డబ్బా, చేపల కవరు. వీటన్నిటి మీద సమంగా ఉండే చోటు ఎక్కడుంది? ట్రే ఒక పక్కకి ఒరుగుతుంది. తీసి చూస్తే ఒక చివర గోరంత ముక్కలు, ఇంకో చివర గదులన్నీ కలిసిపోయిన ఒకే పలక.

అయినా సర్దుకున్నాను. మా అత్తయ్యగారు ఫోన్లో ఒక వీడియో చూసేదాకా. ఐస్ ట్రేలో అల్లం వెల్లుల్లి పేస్ట్ నింపి గడ్డకట్టిస్తే రోజుకో ముక్క కూరలో వేసుకోవచ్చట. "ట్రే ఖాళీగానే ఉంది కదా అని పెట్టానమ్మా" అన్నారు. ఖాళీగా లేదత్తయ్యా, ఆరబెట్టాను అది! సిలికాన్‌కి వాసన పట్టిందంటే వదలదు. సబ్బుతో తోమాను, వంటసోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టాను, ఎండలో పెట్టాను. ఆ తర్వాత వచ్చిన ఐస్‌తో మా చిన్నది రూఆఫ్జా కలుపుకుని ఒక గుక్క తాగి, "అమ్మా, ఇందులో బిర్యానీ వాసన వస్తోంది" అంది. ఇప్పుడా ట్రే అత్తయ్యగారి సొంతం. చింతపండు గుజ్జు, పుదీనా, కొబ్బరిపాలు, అన్నీ అందులోనే గడ్డకడుతున్నాయి. ఐస్ తప్ప.

నిజంగా చెబుతున్నా, పేస్టుకి వేరే ట్రే పెట్టుకోండి. మూత ఉన్నది పెట్టుకోండి. డబుల్ డోర్ ఫ్రిజ్ ఉన్నవాళ్లూ మురిసిపోకండి, అందులో ఫ్యాను కింద గాలినీ పై గాలినీ కలిపి తిప్పుతుంది. కింద చేపల పులుసు మూత లేకుండా పెడితే పైన ఐస్‌కి ఆ కబురు చేరుతుంది. పైగా ఆ పొడిగాలికి మూతలేని ట్రేలో ముక్కలు కరక్కుండానే చిక్కిపోతాయి. నెల తర్వాత చూసి ఎవరు తినేశారా అనుకుంటారు.

ఇక మా ఆయన. ఈయనకి ట్రే నింపమంటే ఆర్వో కుళాయి కింద పెట్టి అంచు దాకా నింపుతారు. నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి మహాప్రభో, కాస్త వెలితిగా ఉంచండి, లేకపోతే అడ్డుగోడల మీదుగా పొంగి అంతా ఒక పలక అయిపోతుంది అంటే, "నీళ్ల దగ్గర కూడా పిసినారితనమా" అంటారు. ఆ నిండు ట్రే పట్టుకుని సింకు నుంచి ఫ్రిజ్ దాకా నడిచిన దారంతా టైల్స్ మీద చుక్కలే. ఆ చుక్కల మీద జారేది ఎవరు? ఈయన ట్రే నింపే రోజులూ పండగలూ ఇంచుమించు ఒకటే లెండి. మామూలు రోజుల్లో ఒక ముక్క వదిలేసి ట్రే లోపలికి తోసేస్తారు. ఖాళీ అయితే నింపాలి కదా, ఒక ముక్క ఉంటే ఖాళీ కానట్టే. లాయరు అవ్వాల్సిన మనిషి.

ఈయనే మొన్నామధ్య గుండ్రటి ఐస్ వచ్చే అచ్చు ఒకటి ఆర్డర్ పెట్టారు. నారింజకాయంత బాల్స్ వస్తాయి దాంట్లో. ఎందుకండీ అంటే, త్వరగా కరగదట. గుండ్రంగా ఉంటే గాలికీ ద్రవానికీ తగిలే ఉపరితలం తక్కువ, అందుకని నెమ్మదిగా కరుగుతుంది, నిజమే. విస్కీ పల్చబడకూడదనుకునేవాళ్లకి అది. మన గ్లాసులో ఉన్నది నిమ్మరసం. బయట ఎండ మండిపోతోంది. ఇక్కడ కరగని ఐస్ నాకెందుకు? ఒక గ్రాము ఐస్ కరగడానికి 80 క్యాలరీల వేడి లాక్కుంటుంది, కరిగిన ఆ నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక్క క్యాలరీ చాలు. స్కూల్లో చదివిందే. అంటే చల్లదనమంతా కరగడంలోనే ఉంది. చిన్న ముక్కలు, ఎక్కువ ముక్కలు, గబగబా కరగాలి, గ్లాసు చెమర్చాలి. చెరుకురసం బండివాడికి తెలుసు ఈ సంగతి, గోనెసంచిలో కట్టి సుత్తితో చితక్కొట్టి పోస్తాడు. వాడెప్పుడైనా బాల్ వేశాడా?

అసలు ఆ బాల్ గ్లాసులో పడితే తాగేదెలా? వంచితే వచ్చి ముక్కుకి తగులుతుంది.

ఇంకో వింత, అద్దంలాంటి ఐస్ కావాలట. మా ఇంట్లో ఐస్ మధ్యలో తెల్లగా ఉంటుంది, అందరిళ్లలోనూ అంతే. అంచులు ముందు గడ్డకట్టి, నీళ్లలో ఉన్న గాలినీ ఉప్పులనీ మధ్యలోకి నెడతాయి, అవి పోయే దారిలేక అక్కడే చిక్కుకుంటాయి, అదే ఆ తెలుపు. చుట్టూ థర్మోకోల్ ఉన్న పెట్టెలో పోసి, పైనుంచి మాత్రమే గడ్డకట్టనిస్తే అద్దంలా వస్తుంది. దానికి ఒక రోజు పడుతుంది, ఫ్రీజర్ అంతా ఆ పెట్టే ఆక్రమిస్తుంది, చివరికి వచ్చేవి నాలుగు ముక్కలు. నాలుగు ముక్కలు మా ఇంటికి ఒక పూటకి కాదు, ఒక మనిషికి చాలవు.

ఇవన్నీ నవ్వులాటలే. నాకు కడుపు మండింది ఎక్కడంటే, గుంటూరులో మా తోడికోడలి ఇంట్లో. ట్రే లోంచి ఒలికిన నీళ్లు ఫ్రీజర్ అడుగున గడ్డకట్టి, దాని మీద ట్రే అతుక్కుపోయింది. వాళ్లబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. డీఫ్రాస్ట్ బటన్ నొక్కి ఊరుకోవచ్చు, ఒక గిన్నెలో వేడినీళ్లు లోపల పెట్టి తలుపు వేసుకోవచ్చు. లేదు, స్క్రూడ్రైవర్ తెచ్చి పొడిచాడు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఆ ఫ్రీజర్ గోడల్లోనే గ్యాస్ తిరిగే దారులుంటాయి. 'స్స్స్' అని శబ్దం వచ్చిందట. "పిన్నీ, ఫ్రిజ్ ఏదో అంటోంది" అని నాకు ఫోన్ చేశాడు. అది అన్న ఆఖరి మాట అదేరా నాయనా. మెకానిక్ వచ్చి చూసి, ఫ్రీజర్ డబ్బా మొత్తం మార్చాలన్నాడు. నడి వేసవిలో. నూట యాభై రూపాయల ట్రే కోసం! దయచేసి ఫ్రీజర్లో కత్తి, స్క్రూడ్రైవర్, అట్లకాడ పెట్టకండి. మీ పిల్లలు ఇంజినీరింగ్ అయితే ఇంకా జాగ్రత్త.

మొన్న చెన్నై వెళ్లినప్పుడు మెరీనా ఎదురుగా, ఓడల్లో వచ్చిన ఐస్ దాచడానికి కట్టిన పాత ఐస్ హౌస్ చూశాం, ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అంటున్నారు. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వ్యాపారి అక్కడి చెరువుల్లో గడ్డకట్టిన ఐస్ కోసి ఓడల్లో మనకి అమ్మేవాడు. 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకి మొదటి ఓడ పంపాడు. 180 టన్నులు ఎక్కిస్తే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత 100 టన్నుల దాకా మిగిలింది. భూమధ్యరేఖ రెండుసార్లు దాటి మరీ! రంపపు పొట్టు కప్పి తెచ్చారంతే. నాకు మాత్రం వంటగదిలోంచి హాల్లోకి ఆరు గ్లాసులకి సరిపడా ఐస్ తేవడం గగనమైపోయింది.

పోనీ మంచి ట్రే అనేది ఈ లోకంలో లేనేలేదా అంటే, ఉండేది. అక్కడే నాకు అసలు మంట.

తెనాలిలో మా ఇంట్లో ఫ్రిజ్ కొన్నప్పుడు రెండు అల్యూమినియం ట్రేలు వచ్చాయి. లోపల అడ్డుపలకల వరస, పైన ఒక పిడి. పిడి ఎత్తితే పలకలన్నీ ఒక్కసారి కదిలి, కరకరమని ముక్కలన్నీ విడిపోయేవి. మెలితిప్పడాలు లేవు, గట్టు మీద బాదడాలు లేవు. అల్యూమినియం ప్లాస్టిక్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని లాగుతుంది, అందుకే నీళ్లు తొందరగా గడ్డకట్టేవి. తడిచేత్తో పట్టుకుంటే వేళ్లు అతుక్కునేవి, నాన్న అరిచేవారు, అదొక్కటే ఇబ్బంది. ఒక్క ట్రే అయినా పగిలిందా ఇన్నేళ్లలో?

నాన్న పోయాక ఇల్లు ఖాళీ చేసినప్పుడు "గుర్తుగా ఏదైనా తీసుకోవే" అన్నారు. నేను గంగాళం అడిగానా? ఇత్తడి బిందెలు అడిగానా? ఆ ఫ్రిజ్ ఎలాగూ పాత సామాన్లవాడికి పోతోంది, ఆ ట్రేలు రెండూ ఇవ్వండి అన్నాను. "అయ్యో, అవి నేను సర్దేశానే, అల్యూమినియం కదా, దేనికైనా పనికొస్తాయి" అంది మా వదిన. గంగాళం పట్టుకెళ్లింది, బిందెలు పట్టుకెళ్లింది, రుబ్బురోలు లారీ ఎక్కించింది. నేను నోరెత్తలేదు. ఆడపడుచు నోరెత్తితే ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు.

కిందటి సంక్రాంతికి కూకట్‌పల్లిలో వాళ్లింటికి వెళ్తే చూశాను. వంటగది గట్టు మీద నాన్న ట్రే. ఒక గదిలో ఆవాలు, ఒక గదిలో జీలకర్ర, ఒక గదిలో మెంతులు, ఒక గదిలో మినప్పప్పు, ఎండుమిర్చి తుంపులు. పిడికి ఎర్ర రిబ్బను కట్టింది. వచ్చినవాళ్లంతా "ఎంత బావుందో, యాంటిక్ లుక్" అని ఫోటోలు తీసుకుంటున్నారు. రెండో ట్రేలో వాళ్ల పిల్ల క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు పెట్టుకుంది. ఆ ఇంట్లో పోపుడబ్బా లేకనా? పెళ్లికి మా అమ్మ పెట్టిన స్టీలుది నిక్షేపంలా ఉంది, అటక మీద.

ఇవాళ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి ట్రే పగిలిన సంగతి చెప్పాను. రేపు వన్‌టౌన్ వెళ్లి స్టీలు సామాన్ల కొట్లలో వెతుకుతాను, పాత రకం దొరుకుతుందేమో అన్నాను.

"వెళ్తే మీ వదినక్కూడా ఒకటి తీసుకోవే, వాళ్లదీ నిన్న విరిగిపోయిందట."

"తనకి రెండున్నాయి కదమ్మా!"

"వాటిలో పోపు సామానుంది కదే."

తెస్తానని చెప్పాను. మా ఆయన కొన్న బాల్స్ అచ్చు ఉంది కదా, అదే ప్యాక్ చేస్తున్నాను.