స్పానిష్ నేర్చుకోవాలంటే ముందు ఊరు చెప్పండి

స్పానిష్ ఉచ్చారణ పుస్తకాలు అమ్మేవాళ్లకు నాదో విన్నపం. కొనేవాడిది ఏ ఊరో కనుక్కున్నాకే బిల్లు వేయండి. ఆధార్ అక్కర్లేదు, 'హాట్' అనమంటే చాలు.

ఇలాంటి పుస్తకాల్లో ఒక సలహా ఉంటుంది: స్పానిష్ 'ఒ' అంటే ఇంగ్లీషు 'హాట్'లో పలికే అచ్చు. లండన్‌వాడు పెదవులు గుండ్రంగా చుట్టి 'హొట్' అంటాడు, ఇంచుమించు సరిపోతుంది. చికాగోవాడు నోరు బార్లా తెరిచి 'హాట్' అంటాడు. అంచేత 'కొంచెం' అనడానికి 'పోకో' అనాల్సినవాడు 'పాకా' అంటాడు. మనకైతే తలదాచుకోవడానికైనా పనికొచ్చేది. పోనీ 'ఎ' సంగతి చూద్దామా? 'డే'లో లాగా అని రాస్తే, యాస గట్టిగా ఉన్న ఆస్ట్రేలియావాడు 'డై' దాకా వెళ్లిపోతాడు. 'బెడ్'లో లాగా అని దిద్దితే న్యూజిలాండ్‌వాడు 'బిడ్' దగ్గర తేలతాడు. అందరూ పుస్తకం చెప్పినట్టే చేశారు, ఎవర్ని తప్పుపడతాం?

'ర' దగ్గరికొచ్చేసరికి న్యాయం తిరగబడుతుంది. అమెరికావాడు 'బటర్' అన్నప్పుడు మధ్యలో నాలుక తటాలున తగిలే ఆ శబ్దమే స్పానిష్ 'ర'. వాడిచేత 'పాట్ ఆఫ్ టీ' అని గబగబా అనిపించండి, 'పారా తి' వచ్చేస్తుంది, అంటే 'నీ కోసం' అని. లండన్‌వాడు ఎంత గబగబా అన్నా టీయే వస్తుంది.

స్కాట్లండ్ పాత యాసవాళ్లకు మాత్రం ఫీజులో రాయితీ ఇవ్వాలి. 'ర' నాలుక మీదే ఉంది, సరస్సుకు వాళ్లు వాడే 'లొఖ్' అనే మాటలో గొంతు గీరే 'ఖ' కూడా ఉంది. ఆ 'ఖ'తోనే స్పానిష్ 'జె' అక్షరాన్ని పలకాలి. అదే రాయితీ మన పాతబస్తీ ఉర్దూవాళ్లకూ వర్తింపజేయాలని నా డిమాండ్.

టెక్సాస్ బడుల్లో స్పానిష్ చదివే మన పిల్లల కథ వేరే. స్పానిష్‌లో టమాటా 'తొమాతె', నాలుక పళ్లకు తగలాలి. వాళ్లకు ఇంట్లో 'త' ఉంది, 'తాతయ్య' అంటూనే పెరిగారు. కానీ ఇంగ్లీషు 'టి' కనబడగానే 'టొమాటె' అంటారు, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

కాబట్టి యాసకో ముద్రణ తప్పనిసరి. స్పానిష్ మాట్లాడే మనిషి చేత నాలుగుసార్లు అనిపించి వింటే సరిపోదా అని ఎవరైనా అడగొచ్చు. సరిపోతుంది. అప్పుడు పుస్తకాలు ఎవరు కొంటారండీ?