కళ్లు పెట్టించుకున్న ఫడ్జ్ గారికి

మహారాజశ్రీ క్రిస్మస్ ఫడ్జ్ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, నేనిక్కడ క్షేమం, కుడి భుజం తప్ప. చాక్లెట్ మిఠాయి అయిన తమరు ఫ్రిజ్‌లో రెండో అరలో క్షేమంగానే ఉన్నారని రాత్రి డబ్బా మూత తీసి చూశాను. నేను అతికించిన ఎడమ కన్ను మాత్రం గడ్డం దాకా జారింది.

కానుకలు కొనిస్తే కొనిచ్చావంటారు, ఇంట్లో చేసిస్తే చేతులారా చేశావంటారు. ఆ ‘చేతులారా’ అన్న ఒక్క మాట కోసం నేను ఈ డిసెంబరులో మూడు రాత్రులు పొయ్యి ముందు నిలబడ్డాను. ఆ మాట అన్నవాళ్లెవరూ పక్కన నిలబడలేదు లెండి.

తమరి పుట్టుపూర్వోత్తరాలు కాస్త చదివాను. 1886లో అమెరికాలో, బాల్టిమోర్‌లో తమరిని పౌండు 40 సెంట్లకి అమ్మారట. వాసర్ కాలేజీలో చదివే ఎమెలిన్ హార్ట్‌రిడ్జ్ ఆ రెసిపీ సంపాదించి, 1888లో కాలేజీ సీనియర్ల వేలం కోసం 30 పౌండ్లు, అంటే పదమూడున్నర కిలోలు చేసిందట. థర్మామీటరు చూస్తూ చేసిందో కంటి అంచనాతో చేసిందో గానీ, ఒక్క ముక్కకైనా ముక్కూ కళ్లూ అతికించి ఉంటుందని నాకు నమ్మకం లేదు. పదమూడున్నర కిలోలు చేసే మనిషికి అంత తీరికెక్కడిది?

తమరి పేరు సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంగ్లీషులో ఫడ్జ్ చేయడమంటే లెక్కలు అటూ ఇటూ సర్ది మసిపూసి మారేడుకాయ చేయడం. ఆ మాట తమరి కంటే పాతది. పేరు పెట్టినవాళ్లు తమరి భవిష్యత్తు ముందే చూశారేమో అని నా అనుమానం.

ఎందుకంటే అసలు తమరు చాలా నికార్సైన మనిషి. పంచదార, పాలు, వెన్న, కోకో. ఇంతే కదా. పాకం 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య రావాలి. చన్నీళ్లలో చుక్క వేస్తే మెత్తగా ఉండ కట్టాలి. దింపాక గరిటె పెట్టకుండా, గిన్నె కదపకుండా 43 డిగ్రీల దాకా చల్లారనివ్వాలి. ఈలోగా గిన్నె అంచు నుంచి ఒక్క పంచదార పలుకు జారి పడిందా, అయిపోయింది. వీధి మొగలో ఒకడు ఆకాశంలోకి చూస్తూ నిలబడితే వచ్చేపోయేవాళ్లంతా చుట్టూ మూగినట్టు, పాకంలోని పంచదారంతా దాని చుట్టూ చేరి పెద్ద పెద్ద పలుకులు కడుతుంది. నోట్లో వేసుకుంటే ఇసుక. అదే సరిగ్గా చల్లారాక కలిపితే సన్నటి పలుకులు కడతాయి. నాలుక వాటిని పట్టుకోలేదు. వెన్నలా ఉందంటుంది.

ఆ కలపడం ఉంది చూశారూ, నా భుజం దానికే పోయింది. పావుగంట తిప్పినా అద్దంలా మెరుస్తూనే ఉంటారు తమరు. మొహం కూడా కనిపిస్తుంది అందులో, జుట్టు రేగిపోయి. ఇంకాసేపటికి గరిటె బరువెక్కుతుంది, గీసిన గీత వెంటనే పూడదు. తర్వాత ఎవరో ఊదినట్టు ఆ మెరుపు పోతుంది. ఆ క్షణంలో పళ్లెంలోకి వంచెయ్యాలి. నేను ఫోన్ మోగిందని అటు చూశాను. ఇటు తిరిగేసరికి గరిటె గిన్నెలో జెండా కర్రలా నిలబడి ఉంది.

అది రెండో వాయి. మొదటి వాయి సంగతి థర్మామీటరుని అడగాలి. మరుగుతున్న నీళ్లలో పెడితే 96 చూపించింది. కొండ మీద కాపురం ఉండేవాళ్లకైతే అది నిజమే, అక్కడ నీళ్లు ముందే మరుగుతాయి. నేనుండేది రెండో అంతస్తులో. ఈ పరీక్ష ముందే చేయాల్సింది, రాయిలా బిగిసిపోయిన వాయిని అట్లకాడతో పొడుస్తూ చేశాను.

మూడో రాత్రి సిగ్గు విడిచి అడ్డదారి పట్టాను. కండెన్స్‌డ్ మిల్క్, చాక్లెట్ కలిపి కరిగిస్తే పది నిమిషాల పని. ఇది ఫడ్జే కాదని వాదించేవాళ్లున్నారు. వాళ్ల భుజాలు బాగున్నట్టున్నాయి. నేను ఒప్పుకుంటాను, రుచిలో తేడా ఉంది, కానీ పండగ కూడా ఆగదు కదా.

అక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. మామూలు గోధుమరంగు ముక్కలు కానుకగా ఏం బాగుంటాయి, మంచుబొమ్మ మొహాలు చేద్దాం, క్రిస్మస్ చెట్లు చేద్దాం అని బుద్ధి పుట్టింది. చెట్ల కోసం కరిగిన వైట్ చాక్లెట్‌లో ఆకుపచ్చ రంగు నాలుగు చుక్కలు వేశాను. నీళ్లతో చేసిన రంగు అది. అంతటి నున్నటి చాక్లెట్టూ కళ్లముందే విరిగి, గోడకి కొట్టే సిమెంటులా ముద్దకట్టింది. నూనెతో చేసిన రంగే వాడాలట, ఆ మాట సీసా మీద ఎవరూ రాయలేదు. పైన చల్లే మెరుపుల డబ్బా మీద మాత్రం ‘విషం కాదు’ అని రాసుంది. విషం కాకపోవడం వేరు, తినేది కావడం వేరు. చూసి పక్కన పెట్టాను. మంచుబొమ్మ మెడకి మఫ్లర్‌లా ఎర్రచారల పెప్పర్‌మింట్ బిళ్లల ముక్కలు అద్దాను. మర్నాటికి అవి తేమ పీల్చుకుని, జిగురై, ఎర్రగా కారాయి. డబ్బా తెరిస్తే పన్నెండు మంచుబొమ్మలు మెడల దగ్గర నెత్తురోడుతూ నవ్వుతున్నాయి.

ఉన్నవాటిలో బాగున్నవి ఏరి పంచాను. అందరూ ఒకే మాట అన్నారు.

“అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! తినబుద్ధి కావట్లేదు.”

నేను మురిసిపోయాను. ఇంటికొచ్చాక ఆ రెండో వాక్యాన్ని విడిగా ఒకసారి అనుకుని చూశాను. పక్కింటి ఏడేళ్ల బుడ్డోడే నయం. డబ్బా అటూ ఇటూ తిప్పి, “ఆంటీ, ఇది తినడానికా, ఆడుకోడానికా?” అని నేరుగా అడిగాడు. ఆడుకున్నాడు కూడా. వాళ్ల గుమ్మంలో ఒక కన్ను దొరికింది.

ఇంకో సంగతి చెప్పాలి, తమరికి కోపం వచ్చినా సరే. మంచుబొమ్మలు చదరంగా, నీటుగా రావాలని పళ్లెం నాలుగు అంచులూ కోసేశాను. వంకరటింకర ముక్కలు, కళ్లూ ముక్కూ లేనివి. వాటిని వెన్న కాగితం మీదే వదిలేసి రిబ్బన్లు కట్టుకుంటున్నాను. మా ఆయన మంచినీళ్ల కోసం వచ్చి ఒకటి నోట్లో వేసుకున్నాడు. పిల్ల వచ్చింది. మా అత్తయ్య తీపి మానేశానంటూనే వచ్చారు. ముగ్గురూ నిలబడే తిన్నారు, ఎవరూ ముద్దుగా ఉందనలేదు. నేను రిబ్బను ముడి వేసి తలెత్తేసరికి మా అత్తయ్య కాగితానికి అంటుకున్నది గోటితో గీకుతున్నారు.

అంచేత మనవి చేసుకునేదేమంటే, వచ్చే డిసెంబరుకి తమరు మొహం లేకుండా దయచేయండి. వేషం వేయించుకోవాలని అంత సరదాగా ఉంటే నా కంటే ఓపికున్నవాళ్ల ఇల్లు చూసుకోండి. కోకోవీ వెన్నవీ ఖర్చులు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
గరిటె ఇప్పటికీ గిన్నెలోంచి ఊడిరాని
తమ విధేయురాలు

తా.క. పంచదార కళ్ల ప్యాకెట్టులో సగం కూడా అవలేదు. గాజు సీసాలో పోసి అలమరాలో పెట్టాను. టీ పొడి కోసం తలుపు తీసినప్పుడల్లా అన్నీ ఒకేసారి నా వైపే చూస్తున్నాయి.