గది ఖాళీగానే ఉంది

హైదరాబాద్ విద్యానగర్‌లో, ఉస్మానియా యూనివర్సిటీ దగ్గర, మా గేటుకు వేలాడే టు లెట్ బోర్డు చూసి రోజూ నలుగురైదుగురు కుర్రాళ్లు బెల్లు కొడతారు. గది కావాలంటారు. అద్దె ఒకటో తారీకునే ఇస్తామంటారు. అక్కడితో ఆగితే ఏ పేచీ లేదు. అందులో ఉంటామంటారు!

యూనివర్సిటీ పిల్లల కష్టాల గురించి రాసేవాళ్లు కోకొల్లలు. ఇంటి ఓనర్ల గోడు రాసే నాథుడు లేడు గనక ఆ భారం నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

ముందు గది సంగతి. మేడ మీద, సిమెంటు రేకుల కింద, పదడుగులకు ఎనిమిదడుగులు. బోర్డు మీద ‘పెంట్‌హౌస్’ అని రాయించాను. మే నెల మధ్యాహ్నం అందులో కూర్చుని చదవగలిగినవాడికి గ్రూప్ వన్ మెయిన్స్ ఒక లెక్కా? ఆ శిక్షణకు విడిగా ఫీజేమీ తీసుకోవడం లేదు. నీళ్లు పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా వదులుతాను. ‘ట్యాంకు మా గోడకు ఆనుకునే ఉంది కదంకుల్’ అన్నాడొకడు. చెరువు గట్టున కొంపుంటే చేపలన్నీ నీవేనా నాయనా అన్నాను. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని ఒక నెల అద్దె పట్టుకుంటాను. ఇప్పటిదాకా ఎనిమిది మంది ఇచ్చారు. గోడలు మాత్రం గృహప్రవేశం నాటి నీలిరంగుతోనే ఉన్నాయి. రంగంటే నాకంత గౌరవం.

నేను కులం అడిగే మనిషిని కాను. అదొకటి ముందే చెప్పేయాలి, రోజులు బాగాలేవు. ఇంటిపేరు అడుగుతాను, అంతే. దాంతో తేలకపోతే ఊరు, ఊళ్లో ఇల్లు ఏ వైపని అడుగుతాను. అప్పటికీ తేలకపోతే ఆదివారం ఇంట్లో ఏం వండుకుంటారని మా ఆవిడ వంటింట్లోంచి అడుగుతుంది. తేలాక కొందరికి ఎంతో మర్యాదగా, ‘అయ్యో బాబూ, నిన్ననే ఒకాయన అడ్వాన్సు ఇచ్చిపోయాడు’ అని చెబుతాను. పేరు వినగానే ఇంకే ప్రశ్నా అక్కర్లేని పిల్లలూ కొందరొస్తారు. వాళ్లకూ అదే మర్యాద, కాకపోతే టైము కలిసొస్తుంది. ఆ నిన్నటాయన ఆరేళ్లుగా రోజూ నిన్ననే వస్తున్నాడు. ఇంత నమ్మకమైన మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఇక అగ్రిమెంటు. ఏడాదికి మించి రాస్తే రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది. అందుకే దేశమంతా 11 నెలలకు రాసుకుంటుంది. తెల్లవాడు పోయినా వాడు మనకు వదిలిపోయిన ఆ పన్నెండో నెల ఉంది చూశారూ, అద్దె పెంచడానికి అంతకంటే మంచి ముహూర్తం పంచాంగంలో దొరకదు.

చట్టాలు రాసేవాళ్లకూ ఈ ‘ఉండటం’ అన్నదాని మీద నాలాగే అనుమానాలున్నాయి. 2023లో కర్ణాటకలో ఒక హాస్టల్ కేసులో, హాస్టలంటే నివాస గృహం కాదు, 12 శాతం జీఎస్టీ కట్టాల్సిందేనని అడ్వాన్స్ రూలింగ్, అంటే పన్ను పడుతుందో లేదో ముందే తేల్చే తీర్పు, ఇచ్చారు. నలుగురు పిల్లలు నాలుగు మంచాల మీద పడుకుని, ఒక్క బాత్రూం ముందు వరస కట్టి, ఏళ్ల తరబడి బతికితే దాన్ని నివాసం అనకూడదన్నమాట. ఎంత లోతు! చదివి రెండుసార్లు దండం పెట్టుకున్నాను. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ మెత్తబడింది. మనిషికి నెలకు 20,000 రూపాయల దాకా అద్దె, వరసగా 90 రోజులు ఉంటే పన్ను లేదంది. అందులో ‘ఉంటే’ అన్న మాటే నాకు మింగుడుపడలేదు.

అయినా ఉస్మానియా మాత్రం పుట్టగానే రాతి మెట్లెక్కిందా? 1919లో క్లాసులు మొదలైంది బషీర్‌బాగ్‌లో, నిజాం కాలేజీ పక్కనున్న భవనంలో. ఇప్పుడున్న ఆర్ట్స్ కాలేజీ భవనం తలుపులు తెరిచింది 1939లో. సాక్షాత్తూ నిజాం నవాబు పెట్టిన యూనివర్సిటీయే ఇరవై ఏళ్లు సర్దుకుంటే, సూర్యాపేట నుంచి ఎమ్మేకొచ్చినవాడు రెండేళ్లు సర్దుకోలేడా? హాస్టల్లో సీటు రాకపోతే స్నేహితుడి గదిలో నాన్ బోర్డరుగా దూరొచ్చు. ఒకే మంచం మీద తల ఒకడిది, కాళ్లు ఒకడివి. మెస్సులో ఒకే కార్డు మీద ఇద్దరి అన్నం. నేను చదువుకుంది అలాగే. ఈ సంగతి మా పిల్లలకు కూడా చెప్పలేదు, ఇక్కడ చేయి జారింది.

అన్నట్టు మంచి కిరాయిదారులు అసలు లేరని కాదు. పోయినేడాది ఒక అబ్బాయి దొరికాడు. గది తీసుకున్న నెలకే వాడికి క్యాంపస్ హాస్టల్లో సీటొచ్చింది. పుస్తకాల పెట్టెలు మా గదిలో పెట్టుకుని, తాళం వేసుకుని వెళ్లిపోయాడు. తొమ్మిది నెలలు ఒకటో తారీకు పొద్దున్నే ఫోన్‌పే మోగేది. మీటరు ముల్లు కదల్లేదు, బొట్టు నీరు ఖర్చు కాలేదు, మెట్ల మీద చెప్పుల చప్పుడు లేదు. వాడి పేరు చెప్పుకుని మా ఆవిడ దీపం పెట్టేది.

మొన్న సెలవులకు హాస్టల్ మెస్సు మూశారట. రాత్రి పదకొండింటికి మేడ మీద లైటు వెలిగింది. పైకెళ్లి చూస్తే చాప పరుచుకుని పడుకున్నాడు, పైగా ఫ్యాను రెండులో పెట్టుకుని.

తెల్లారేసరికి ఖాళీ చేయమన్నాను. పెయింటింగు డబ్బులు పట్టుకున్నాను. బోర్డు మళ్లీ గేటుకే ఉంది. ఎవరైనా బెల్లు కొడితే కొట్టొచ్చు. ఇంటిపేరు గుర్తుపెట్టుకుని రండి.