పదిహేను డిస్కులెందుకు సామీ?

"డిస్క్ గోల్ఫ్ మొదలుపెడుతున్నారా? సంచిలో పదిహేను డిస్కులు లేనిదే గ్రౌండులో దిగొద్దు" అనే మెసేజ్ ఈ రెండు నెలల్లో నాకు ఆరుసార్లు వచ్చింది. తిరుపతిలో నాకు తెలిసి ఈ ఆట ఆడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆరుసార్లు వచ్చిందంటే దాదాపు అందరూ పంపినట్టే. అందులో ఐదు సూత్రాలున్నాయి. ప్రోలు (ప్రొఫెషనల్ ఆటగాళ్లు) ఇరవై మోస్తారు కాబట్టి మీకు కనీసం పదిహేను కావాలి. దూరం పోవాలంటే స్పీడ్ 12కు తగ్గని డ్రైవర్ (దూరం విసిరే డిస్కు) కొనాలి. పట్టర్ (బుట్టలో వేసే నిదానం డిస్కు) బుట్ట దగ్గర తప్ప పనికిరాదు, ఒక్కటి చాలు. ఏ డిస్కయినా 175 గ్రాములకు తగ్గితే అది చిన్నపిల్లల బొమ్మ. ప్లాస్టిక్ ఎంత ఖరీదైతే అంత మేలు, రంగు మీ ఇష్టం. మొన్న ఇంటర్ చదివే పక్కింటి అబ్బోడు ఇది చూపించి, "అన్నా, మా నాయన్ని ఎంత అడగాల?" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్క. ఇదీ గోల్ఫే. బంతికి బదులు ప్లాస్టిక్ డిస్కు, గుంతకు బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాడిది గెలుపు. ఆ గొలుసుల బుట్టను తయారుచేసిన ఎడ్ హెడ్రిక్కే 1976లో పీడీజీఏ అనే సంఘం పెట్టాడు. నియమాలు ఇప్పటికీ ఆ సంఘానివే. మేము ఆడేది మాత్రం చిత్తూరు దగ్గర మా మామ మామిడితోటలో. బెంగళూరా కాయ కోతలు అయిపోయాక చెట్ల మానులకు గుడ్డపేలికలు కట్టి, అవే గురి అనుకుంటాం. నిజం బుట్ట ఒక్కటే ఉంది, అదీ వెల్డింగ్ షాపులో సైకిల్ రిమ్ముకు గొలుసులు తగిలించి చేయించింది.

ముందు ప్రోల సంగతి. వాళ్ల సంచుల్లో ఇరవై, అంతకన్నా ఎక్కువే ఉంటాయి, అబద్ధమేమీ కాదు. బంతి గోల్ఫులో పద్నాలుగు కర్రలకు మించి పట్టుకెళ్లకూడదు, ఇక్కడ అలాంటి హద్దు లేదు. కానీ ఆ సంచి తెరిచి చూస్తే ఇరవై రకాలుండవు. ఒకే అచ్చులో వచ్చిన డిస్కు మూడు వయసుల్లో ఉంటుంది: కొత్తది, సగం అరిగింది, బాగా అరిగింది. కొత్త చెప్పు కరిచినట్టు కొత్త డిస్కు మొండిగా ఎడమకు లాగుతుంది. అరిగేకొద్దీ నిటారుగా పోతుంది, ఇంకా అరిగితే కుడికి ఒరుగుతుంది. (నేను చెప్పేదంతా కుడిచేత్తో, బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఛాతీకి అడ్డంగా లాగి విసిరేవాళ్లకు. ఎడంచేతి వాళ్లు తిరగేసి చదువుకోండి.) ఒక్కోదాన్ని వేలసార్లు విసిరి, దాని గుణం చేతికి ఎక్కించుకున్నవాళ్లు వాళ్లు. మనం పదిహేను కొత్తవి ఒకేసారి కొంటే పదిహేను మంది కొత్త మనుషులతో ఒకే గదిలో కాపురం పెట్టినట్టు.

విసరడానికి నియమం ఇచ్చేది ముప్పై సెకన్లు. ఆ ముప్పై సెకన్లలో, పేర్లే సరిగా గుర్తులేని పదిహేనులోంచి ఏది తీయాలి? పోయినేడాది నా సంచిలో తొమ్మిదుండేవి. విసురు తప్పిన ప్రతిసారీ డిస్కును తిట్టి మరుసటిసారి ఇంకోటి తీసేవాణ్ణి. చెయ్యి వంకర అని తెలుసుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. బరువు సంగతి సరేసరి. ఇరవై డిస్కులు, ఒక్కోటి 170 గ్రాములు, మూడు కిలోల నాలుగు వందలు, పైన నీళ్ల సీసా. అలిపిరిలో భక్తులే లగేజీ కింద కౌంటర్లో ఇచ్చేసి, చేతులూపుకుంటూ 3,550 మెట్లెక్కుతారు. మనం ఎండలో మామిడితోట చుట్టూ మోసుకు తిరగడమెందుకు?

రెండో సూత్రమే అన్నిటికన్నా చెరుపు చేసేది. డిస్కు మీద నాలుగు అంకెలుంటాయి: స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. అంటే వరసగా: ఎంత వేగం కావాలి, గాల్లో ఎంతసేపు తేలుతుంది, వేగంలో ఉన్నప్పుడు ఎటు ఒరుగుతుంది (మైనస్ అంటే కుడికి), నీరసించాక ఎడమకు ఎంత లాగుతుంది. మొదటి అంకె దగ్గరే అందరూ బోల్తా పడతారు. స్పీడ్ 12 అంటే ఆ డిస్కు మనకిచ్చే వేగం కాదు, అది మన చేతిని అడిగే వేగం. డిస్ట్రాయర్ అనే పేరున్న డిస్కు అంకెలు 12, 5, -1, 3. దాని అంచు 2.2 సెంటీమీటర్ల వెడల్పు. అంత వెడల్పు అంచును సరిపడా తిప్పి, సరిపడా వేగంతో వదిలితే గద్దలా పోతుంది. మన చేతిలోంచి అందులో సగం వేగంతో పోయిందనుకోండి, ఆ -1 ఎక్కడా కనిపించదు. మిగిలేది చివరి 3 మాత్రమే. నలభై మీటర్లు దాటీ దాటకముందే ఎడమకు తిరిగి ముళ్లకంపలో దూరుతుంది.

దీన్ని తోటలో కొలిచి చూశాం. కొత్తగా వచ్చిన నలుగురి చేతికి డిస్ట్రాయర్, లెపర్డ్ అనే తక్కువ స్పీడ్ డ్రైవర్, ఒక మామూలు పట్టర్ ఇచ్చి, తలా ఐదుసార్లు విసరమన్నాం. లెపర్డ్ అంకెలు 6, 5, -2, 1. మూడూ దాదాపు ఒకే దూరం పోయాయి, యాభై మీటర్లకు అటూ ఇటూ. తేడా ఎక్కడంటే, పట్టర్, లెపర్డ్ సాలు మధ్యలో పడ్డాయి, డిస్ట్రాయర్ పక్క సాల్లో పడింది. ఇదేమీ పరిశోధన కాదు, ఒక ఆదివారం కాలక్షేపం. కానీ ఆ రోజు తర్వాత ఆ నలుగురిలో ఎవరూ డిస్ట్రాయర్ అడగలేదు.

"338 మీటర్ల రికార్డు డ్రైవర్‌తోనే కదా" అని మెసేజ్ కింద ఎవరో తగిలించారు. 2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ విసిరింది అది, అమెరికా ఎడారిలో, గట్టి గాలిని వీపున పెట్టుకుని. మా తోటలో అన్నిటికన్నా దూరం గురి 85 మీటర్లు, మధ్యలో పదకొండు మామిడిచెట్లు. గాలి కూడా మాట వినదు.

ఇక పట్టర్. బుట్ట దగ్గరికి తప్ప పనికిరాదన్న ముక్క రాసినవాడు చెట్ల మధ్య ఎప్పుడూ ఆడి ఉండడు. ఏవియార్ లాంటి పట్టర్ అంకెలు 2, 3, 0, 1. నిదానంగా, నిటారుగా పోతుంది, పడ్డచోటు నుంచి ఎక్కువ దూరం జారదు. విసురులో తప్పుంటే దాచదు కూడా. వణికితే వణికినట్టు కనిపిస్తుంది, అందుకే నేర్చుకునేవాడికి అదే పంతులు. మా తొమ్మిది గురుల్లో ఆరింటికి నేను మొదటి విసురే పట్టర్‌తో వేస్తా. అందుకని ఒకటి కాదు, అచ్చంగా ఒకేలాంటివి రెండు కొనమంటాను. యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున్నే ఆరు మీటర్ల నుంచి రెండూ వేసుకుంటూ ఉంటే చేతికి ఒకే కొలత అలవాటవుతుంది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

175 గ్రాముల మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. నియమం ప్రకారం డిస్కు అడ్డకొలతలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములు దాటకూడదు. 21.1 సెంటీమీటర్ల డ్రైవర్‌కు లెక్కేస్తే 175 వస్తుంది. అంటే అది గరిష్ఠ హద్దు. హద్దు చూపించి, అంతకు తగ్గితే బొమ్మ అంటే ఎట్లా? 150, 160 గ్రాములవి చిన్న చేతులకు తేలిగ్గా వేగమందుకుంటాయి. ఎదురుగాలిలో మాత్రం ఆగవు.

గాలి అన్నాను కాబట్టి ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ మెసేజ్ చివర, ఐదు సూత్రాలూ అయ్యాక, ఫైర్‌బర్డ్ లాంటి మొండి డిస్కు, అంటే ఓవర్‌స్టేబుల్ డిస్కు, ఒకటి ఉండాలని రాశారు. అది నిజం. ఆషాఢం గాలి పడమటి నుంచి తోసేటప్పుడు దానికి ఎదురు విసిరితే, మామూలు డిస్కు ఉన్నదానికన్నా వేగంగా పోతున్నట్టు ప్రవర్తించి, కుడికి తిరగబడి నేలకు కొట్టుకుంటుంది. 9, 3, 0, 4 అంకెలున్న ఫైర్‌బర్డ్ తలొంచదు. కాకపోతే అది మొదటి రోజు కొనాల్సింది కాదు. గాలికి రెండుసార్లు మొహం మాడ్చుకున్నాక కొనుక్కుంటే దాని విలువ తెలుస్తుంది.

అబ్బోడికి చెప్పిన లెక్క ఇది: పట్టర్లు రెండు, బజ్ లాంటి మిడ్‌రేంజ్ (పట్టర్‌కూ డ్రైవర్‌కూ మధ్యరకం) ఒకటి, లెపర్డ్ లాంటి తక్కువ స్పీడ్ డ్రైవర్, అంటే ఫెయిర్‌వే డ్రైవర్ ఒకటి. మొత్తం నాలుగు. బజ్ అంకెలు 5, 4, -1, 1. ఎటు వంచి వదిలితే అటు పోతుంది. నాలుగింటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను దాన్ని వదిలి పట్టర్ ఉంచుకుంటా, మా మామ కొడుకు మాత్రం బజ్ అంటాడు. ఈ తగవు ఇంకా తెగలేదు. పదహైదో పదహారో తర్వాత చూద్దువులే, ముందు ఈ నాలుగూ ఎటు పోతాయో కళ్లు మూసుకుని చెప్పు అన్నాను.

ఖరీదైన ప్లాస్టిక్ రాళ్లకు, మానులకు తట్టుకుంటుంది, డ్రైవర్‌కు అది న్యాయమే. పట్టర్‌కు చవక ప్లాస్టిక్కే చేతికి బాగా అంటుతుంది, చెమట చేతుల్లో మరీనూ. దాన్ని మే నెల మధ్యాహ్నం కారు అద్దం కింద మాత్రం వదిలేయకండి. ఒకసారి వదిలి దర్శనానికి వెళ్లొచ్చాను. తిరిగొచ్చేసరికి వేయించిన అప్పడంలా వంపు తిరిగి ఉంది.

రంగు మాత్రం మీ ఇష్టం కాదు. మామిడితోటలో నేలంతా ఎండుటాకులు. ఎరుపు, గోధుమ, పచ్చ డిస్కులు కళ్లెదుట పడ్డా కనిపించవు. రోజా రంగు, లేత నీలం అయితే నాలుగు సాళ్ల అవతల నుంచి పిలుస్తాయి. నేను ముచ్చటపడి కొన్న ముదురెరుపు టీబర్డ్ ఏడో గురి దగ్గర పడ్డం ముగ్గురం చూశాం. మరుసటి వారం కూలీలు ఆకులు ఊడ్చినా దొరకలేదు.