తరుగు పోను తొంభై నాలుగు

హిమాలయాలకు వెళ్ళదలచినవాళ్ళు ఎలా ఎక్కాలా అని ముందు ఆలోచిస్తారు. మా బావగారు ఎలా దిగాలో తేల్చుకున్నాకే ఎక్కడికి ఎక్కాలన్నది చూసుకున్నారు. ఎవరో పంపిన వీడియోలో మంచుకొండల నడుమ ఒక ఎర్ర హెలికాప్టర్ వాలింది. ఇద్దరు నడివయసు మనుషులు చేతులూపుతూ ఎక్కి కూర్చున్నారు, అది గాలిలోకి లేచింది. అంతే. విశాఖ ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తుకు వెళ్ళడానికి లిఫ్టు కోసం ఎంతసేపైనా నిలబడే మనిషి, ఎవరెస్టు బేస్ క్యాంపుకు నడిచి వెళ్తున్నానని ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రకటించారు.

"నడిచి వెళ్ళడం సరే, తిరిగి రావడం?" అంది అక్కయ్య చారు పోస్తూ.

"అదే చెబుతున్నాను. హెలికాప్టర్‌లో."

ఆయన వాదన వినడానికి బాగానే ఉంది. మోకాళ్ళు ఎక్కేటప్పుడు ఓర్చుకుంటాయి, దిగేటప్పుడే మొరాయిస్తాయి. కనుక దిగడమనే పనిని ఇంకొకరికి అప్పగిస్తే మనకు మిగిలేది ఎక్కడమే. పైగా 2014లో మన తెలుగమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు శిఖరమే ఎక్కింది, నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు ఏడు ఖండాల శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కి వచ్చాడు, మనం కనీసం ఆ కొండ పాదాల దాకా వెళ్ళలేమా అని అడిగారు. వాళ్ళు కాళ్ళమీద దిగి వచ్చారన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. భోజనాల దగ్గర అటువంటివి ఎత్తడం మా ఇంట్లో ఆనవాయితీ కాదు.

బావమరిదిని కనుక కాగితాల పని నామీద పడింది. దారి ఇలా ఉంది. కాఠ్మాండూ నుంచి చిన్న విమానంలో లుక్లా, 2,860 మీటర్లు. అక్కడి రన్‌వే పొడవు 527 మీటర్లే, అదీ ఏటవాలుగా కొండ గోడకు ఆనుకుని ఉంటుంది. అక్కడినుంచి నడక. నామ్చే బజార్ 3,440 మీటర్లు, తరవాత టెంగ్బోచే మఠం, డింగ్బోచే, లొబుచే, చివరికి 5,164 మీటర్ల ఎత్తున గోరక్ షెప్. బేస్ క్యాంపు ఇంకో రెండు వందల మీటర్లు పైన. అక్కడ పీల్చే గాలిలో ప్రాణవాయువు మన బీచ్ రోడ్డుమీద దొరికేదానిలో సగమే. అందుకని 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మధ్యలో విశ్రాంతి రోజులు ఉండాలనీ నియమం.

విశ్రాంతి రోజులన్న మాట బావగారికి ఎంత నచ్చిందంటే, వాటిని విశాఖపట్నంలోనే పాటించడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కూడా పైకెక్కి చూసి కిందికి వచ్చి పడుకోవాలట అని అక్కయ్య గుర్తుచేస్తే, డాబా మీదికి వెళ్ళి బట్టలు ఆరాయో లేదో చూసి వచ్చారు. లిఫ్టులోనే.

ఒక్కరూ వెళ్తే బాగుండదని వియ్యంకుణ్ణి కూడా కలుపుకున్నారు. ఆయనది అనకాపల్లి, బెల్లం వ్యాపారం. నిండైన మనిషి. మాటా నిండే, నవ్వూ నిండే. హిమాలయాలనగానే "మనం వెళ్తే అక్కడ బెల్లం దొరుకుతుందో లేదో బావగారూ" అని రెండు దిమ్మలు విడిగా కట్టించారు. లుక్లా విమానంలో మనిషికి సామాను 15 కిలోలేనని చెబితే, బెల్లం సామాను కిందికి ఎలా వస్తుందని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

ఇక అసలు చిక్కు. కాఠ్మాండూ ఏజెంటు పంపిన దరఖాస్తులో ఒక గడి ఉంది: బట్టలతో, సంచితో కలిపి మీ బరువు. హెలికాప్టర్‌కు ఇది ప్రాణసమానమైన ప్రశ్న. అంత ఎత్తున గాలి పల్చన. రెక్కలు కిందికి నెట్టడానికి గాలి చాలదు, ఇంజనుకూ సత్తువ తగ్గుతుంది. కింద ఐదుగురిని మోసే యంత్రం గోరక్ షెప్ దగ్గర ఇద్దరినో ముగ్గురినో ఎత్తుతుంది. వాళ్ళను కాస్త దిగువనున్న ఫెరిచే దగ్గర దించి, మళ్ళీ పైకి వచ్చి మిగిలినవాళ్ళను తీసుకుపోతుంది. 2005 మే 14న డిడియె డెల్సాల్ అనే ఫ్రెంచి పైలట్ హెలికాప్టర్‌ను ఏకంగా ఎవరెస్టు శిఖరం మీదే ఆనించాడు కదా అని బావగారు సాక్ష్యం తెచ్చారు. నిజమే. కాకపోతే ఆయన బరువు తగ్గించడానికి ప్రయాణికుల సీట్లు పీకించి, ఒంటరిగా వెళ్ళాడు. వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళలేదు.

బావగారు తన గడిలో 72 అని రాసుకున్నారు. అది ఆయన పెళ్ళినాటి బరువని అక్కయ్య అభిప్రాయం. ఎలాగో బతిమాలి 89 దాకా తీసుకొచ్చాను. వియ్యంకులవారి గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. వియ్యంకుడి బరువు ఎవరు అడుగుతారు? పెళ్ళిలో ఆయనకు మర్యాదగా పెట్టిన వెండి కంచం బరువు ఎంతో ఇరువైపులా అందరికీ తెలుసు. ఆయన బరువు అడిగిన నాథుడు లేడు. "ఆరోగ్యం ఎలా ఉంది బావగారూ" అని మొదలుపెట్టి, షుగరు దాకా వచ్చి, అక్కడినుంచి మామిడిపళ్ళ మీదికి జారిపోయి ఫోను పెట్టేసేవారు మా బావగారు. అమ్మాయిని అడగమంటే, మామగారిని అలా అడిగితే కాపురం ఏమవుతుందని అది కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఈలోగా సాధన చేద్దామన్నారు. సింహాచలం మెట్లు వెయ్యికి పైనే ఉంటాయి, మంచి కొలత. తెల్లవారుజామున తొలిపావంచా అనే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాం. మేమంటే బావగారు, వియ్యంకులవారు, నేను. వెనకాల అక్కయ్య, వియ్యపురాలు ప్రసాదం బుట్టతో. జ్యేష్ఠ మాసపు విశాఖ ఉక్కపోతలో మా ఇద్దరు పర్వతారోహకులూ కొత్తగా కొన్న ఈకల కోట్లు వేసుకున్నారు, అలవాటు కావాలని. వీపుల మీద నిండు సంచులు. వందో మెట్టు దగ్గరే ఇద్దరూ కోట్లు విప్పి నా చేతికి ఇచ్చారు.

మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి మెట్ల పూజ చేసుకుంటున్న ఒక పెద్దావిడ మమ్మల్ని దాటి వెళ్ళింది. కూర్చుని ఆయాసపడుతున్న వియ్యంకులవారి సంచుల వంక జాలిగా చూసి, "ఏం మొక్కు నాయనా? ఇంత బరువు మోసుకెళ్ళమని ఎవరు చెప్పారు?" అంది.

"ఎవరెస్టు అమ్మా" అన్నారాయన.

"ఆ తల్లి గుడి ఏ ఊళ్ళో?" అని, జవాబు కోసం ఆగకుండా తరవాతి మెట్టుకు పసుపు రాసింది.

ఎలాగో పైకి చేరేసరికి అక్కయ్యా వియ్యపురాలూ దర్శనం చేసుకుని, పులిహోర పొట్లాలు తీసుకుని నీడలో కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. వాళ్ళు మమ్మల్ని ఎక్కడ దాటారో మాకు ఎవరికీ గుర్తులేదు. గుర్తుండవలసిన సంగతీ కాదులెండి. ఏటా ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణ చేసే మనుషులు వాళ్ళు. చెప్పులు లేకుండా 32 కిలోమీటర్లు రాత్రంతా నడిచి, పొద్దున్నే ఇంటికొచ్చి మాకు ఇడ్లీలు పెడతారు. దిగేటప్పుడు బావగారు హెలికాప్టర్ సాధన కూడా పూర్తి కావాలని దేవస్థానం బస్సు ఎక్కారు. ఆ భాగంలో మాత్రం లోటు జరగలేదు.

దరఖాస్తు గడువు దగ్గరపడింది. చివరికి ఉపాయం నేనే చెప్పాను. సంచి తూకం చూడాలన్న నెపంతో అనకాపల్లి వెళ్ళి, ఆయన కొట్లోని కాటామీదే ఆయన్ను ఎక్కించడం. దరఖాస్తులో సంచీ మనిషీ కలిపి అడిగారు కనుక అందులో అబద్ధం కూడా లేదు. వియ్యంకులవారు ఉత్సాహంగా సంచి తగిలించుకుని, జీవితమంతా బెల్లం దిమ్మలను ఎక్కించిన కాటామీద మొదటిసారి తాను నిలబడ్డారు. తూకం చదివే కుర్రవాడికి రహస్యంగా చెప్పడం అలవాటు లేదు. ఆవరణంతా వినబడేలా "నూటారూ..." అని రాగం తీశాడు. సంచి దించేస్తే 98. బండి దగ్గరున్న హమాలీలు పని ఆపి చూశారు. వియ్యంకులవారి ముఖం పాకం ముదిరిన రంగుకు తిరిగింది. మా బావగారు కొట్టు పైకప్పును పరిశీలిస్తూ ఉండిపోయారు.

మర్యాద కాపాడినవాడు గుమస్తా. ముప్పై ఏళ్ళ అలవాటు ఆయనది. చెవిలోంచి పెన్సిల్ తీసి, చీటీమీద రాసి, ఏ భావమూ లేకుండా చదివాడు: "తొంభై ఎనిమిది. తరుగు నాలుగు. నికరం తొంభై నాలుగు."

వియ్యంకులవారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "అదీ లెక్క. తొంభై నాలుగు రాయండి."

ఏ సరుకుకైనా తరుగు తీయాల్సిందే, తనకు మాత్రం ఎందుకు తీయరని ఆయన న్యాయం. ఎదురు చెప్పే ధైర్యం లేక 94 అనే రాశాను, పక్కన తరుగు సంగతి కూడా వివరిస్తూ. కాఠ్మాండూ నుంచి చాలా మర్యాదగా జవాబు వచ్చింది. తరుగు అనే పద్ధతి తమ పైలట్‌కు తెలియదట. ఎక్కించే ముందు అందరినీ మళ్ళీ తూస్తారట. పెద్దలిద్దరి బరువూ చూస్తే గోరక్ షెప్ నుంచి విడివిడిగా దించాల్సి రావచ్చు, అదనపు విడతకు అదనపు సొమ్ము. ఆ సొమ్ము అంకె చూసి బావగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. అంకె మారలేదు.

"మనిషి తేలికైతే ఆ అదనం ఉండదా?" అని అక్కయ్య నా భుజం మీదుగా తొంగిచూసింది.

ఉండదన్నాను.

తను 51, వదినగారు 49. ఇద్దరినీ కలిపినా వియ్యంకులవారికంటే రెండు కిలోలే ఎక్కువ. ఆ సాయంత్రం వియ్యపురాళ్ళిద్దరూ ఫోనులో ఏం మాట్లాడుకున్నారో తెలియదు కానీ, మర్నాడు నాచేత రెండు కొత్త దరఖాస్తులు నింపించారు. తిరుగు ప్రయాణం అన్న చోట హెలికాప్టర్ కొట్టేయించి, నడక అని రాయించారు. అంత దూరం వెళ్ళి చూడకుండా దిగడం ఎందుకట. మిగిలిన డబ్బుతో తిరుగుదారిలో పశుపతినాథ్ దర్శనమూ, పట్టుచీరలూ చూసుకుంటారట.

రాత్రి నేను వెళ్ళేసరికి అక్కయ్య హాల్లో సంచి సర్దుతోంది. అటు ఆవకాయ సీసా, ఇటు అనకాపల్లి నుంచి వచ్చిన బెల్లంలో చిన్న ముక్క, చేతితో పట్టుకునే తూకం కొక్కేనికి వేలాడదీసి చూస్తోంది. సరిగ్గా 15.

"మరి నా సంగతి?" అన్నారు బావగారు, లిఫ్టు దిగి వస్తూనే.

"మిమ్మల్ని తరుగు కింద తీసేశాం" అంది అక్కయ్య, జిప్పు లాగుతూ.